పొయ్యికీ బల్లకూ మధ్య సందు

నడిపిలంక పురపాలక ఉద్యానవనంలోకి ఆ పెద్ద చెక్కపెట్టె వచ్చిన రోజున అచ్చియ్యమ్మ పెసరట్లు పోస్తోంది. నలుగురు మనుషులు పెట్టెను మోసుకొచ్చి ఆమె వంటగది ముందు దింపారు. మేకులు ఊడబీకి, లోపలి ఎండుగడ్డి లాగి పారేస్తే, తెల్లగా, నున్నగా, నడుమెత్తు గుడ్డు ఒకటి బయటపడింది. పొద్దున్నే నడకకు వచ్చి అట్ల కోసం నిలబడ్డవాళ్ళు ఆకులు చేత్తో పట్టుకునే దాని చుట్టూ మూగారు. ఒకాయన అది నీళ్ళ ట్యాంకన్నాడు. ఇంకొకాయన చెత్తకుండీ అన్నాడు, ఈసారి కాస్త మంచిది కొన్నారన్నాడు.

అచ్చియ్యమ్మ చేతులు తుడుచుకుంటూ వచ్చి మూత ఎత్తి లోపలికి తొంగిచూసింది.

"కుంపటండీ బాబూ," అంది. "అడుగున బూడిద కన్నం, నడుమ బొగ్గుల జల్లెడ, పైన పొగ కన్నం. మా అమ్మ ఇలాంటిదే మట్టితో చేసేది. దీనికి పింగాణీ పూత పూసి, మూత పెట్టారంతే."

ఆమె చెప్పింది నిజమే. కాకపోతే కాగితాల మీద దాని పేరు కుంపటి కాదు. 'బహిరంగ భోజన సంస్కృతీ వికాస పథకము కింద సరఫరా చేయబడిన పింగాణీ బొగ్గుపొయ్యి, ఒకటి.' కమిషనర్ విద్యాధరరావు గారు కిందటేడు మురుగు కాలవల మీద అధ్యయనానికి ఒక మహానగరం వెళ్ళారు. రెండో రోజు సాయంత్రం ఎవరో ఆయనను తోటలో కూర్చోబెట్టి, చెక్కబల్ల నడుమ దించిన ఇలాంటి పొయ్యి మీద కాల్చిన అనాసముక్క ఒకటి తినిపించారు. ఆయన మురుగు కాలవలు మరిచిపోయారు. తిరిగొచ్చాక కౌన్సిల్ సమావేశంలో లేచి, "బల్ల చుట్టూ ప్రజలు, బల్ల నడుమ నిప్పు. దీనిని పొయ్యి అని తక్కువ చేయకండి. ఇది పౌర చైతన్యం," అన్నారు. పొయ్యి మంజూరైంది. దానికో చెక్కబల్ల కూడా మంజూరైంది.

బల్ల కోసం వడ్రంగి సోమలింగాచారిని పిలిపించారు. ఆయన చెవి మీది పెన్సిలు తీసి, గుడ్డు చుట్టూ టేపు తిప్పి, చెక్కముక్క మీద రెండు అంకెలు వేసుకున్నాడు.

"ఏముందక్కా, ఒక్క పూట పని," అన్నాడు అచ్చియ్యమ్మతో. "బల్లకి గుండ్రంగా కన్నం కోస్తాను. పొయ్యి కంటే చుట్టూతా రెండంగుళాలు ఎక్కువ. కింద అరకి కడపరాయి పరిచి, రాయి మీద ఇనప ముక్కాలిపీట, పీట మీద పొయ్యి. చెక్కకి వేడన్నది తగలదు. మూత మాత్రం ఒక్కసారే ఎత్తకూడదు. కొంచెం తెరిచి, గాలి ఆడనిచ్చి, అప్పుడెత్తాలి. లేదంటే మంట మొహం మీదకొచ్చేస్తది."

"నేను మా ఇంట్లో కుంపటిని ఇరవై రెండేళ్ళుగా ఇటకల మీద పెడుతున్నాను. కింద పీట ఇప్పటిదాకా కాలలేదు."

"అదే మరి. అది నల్లది, ఇది తెల్లది. నిప్పు ఒకటే కదా."

పని అక్కడితో అయిపోవలసింది. అయిపోకపోవడానికి కారణం ఒకటే. మాట్లాడుకున్న ఇద్దరికీ పని తెలుసు, సంతకం చేసే అధికారం లేదు.

మర్నాడు అగ్నిమాపక అధికారి దండపాణి గారు వచ్చారు. ఆయన నిప్పు ఉన్న చోట నవ్వరు, నిప్పు లేని చోట అనుమానిస్తారు. వంటగది గుమ్మంలో నిలబడి అడిగారు.

"ఈ ఆవరణలో ప్రస్తుతం నిప్పులు ఎన్ని?"

"ఒకటేనండి. నా పొయ్యి."

"సదరు పింగాణీ పొయ్యి వస్తే రెండు. ఒకే ఆవరణలో ధ్రువీకరించబడిన నిప్పు, ధ్రువీకరించబడని నిప్పు కలిసి ఉండరాదు."

"అయితే నా నిప్పుని కూడా ఆ ధ్రువీకరించడమేదో చేసేయండి బాబూ."

"మీ నిప్పుకు దరఖాస్తు నమూనా లేదు," అన్నారాయన, నిజంగానే బాధపడుతూ. "కొత్త పొయ్యి సురక్షితంగా వెలిగిన నాడు మీ గది తెరుస్తాం."

ఆయన మనిషి వంటగదికి తాళం వేసి, తాళానికి గుడ్డ చుట్టి, గుడ్డ మీద లక్క ముద్ర కొట్టాడు. పెనం, పిండిగిన్నె బయటికి తెచ్చుకోనిచ్చారు. అవి నిప్పు కావు గనక. అచ్చియ్యమ్మ గుమ్మం ముందు పిండిగిన్నె పెట్టుకుని నిలబడి ఉండగా కమిషనర్ గారు వచ్చి, ఊరడింపుగా మిగతా సంగతి చెప్పారు. వచ్చే నెల ఇరవయ్యో తేదీన ఈ పథకం రాష్ట్ర సంచాలకులు గారు స్వయంగా వచ్చి పొయ్యిని చూస్తారు. ఆనాటికి పొయ్యి వెలిగితే ఫలహారశాల అచ్చియ్యమ్మదే. వెలగకపోతే ఆమె అనుమతి రద్దయి, ఆ గది పొయ్యి తాలూకు పెట్టె భద్రపరచుకొనే గది అవుతుంది.

"అంటే నేను పోతే ఖాళీ పెట్టె వస్తదా అండీ?"

"పెట్టె మీద హామీపత్రం ఉందమ్మా," అన్నారు కమిషనర్ గారు. "దాన్ని పారేయలేం కదా."

ఇరవై రెండేళ్ళుగా అచ్చియ్యమ్మ తెల్లవారుజామున లేచేది ఆ పొయ్యి రాజేయడానికే. మర్నాడు కూడా లేచింది. పప్పు నానబెట్టింది. రుబ్బింది. ఆ తరువాత ఏం చేయాలో తెలియక పార్కుకు వచ్చి తాళం కేసి చూస్తూ కూర్చుంది. ఆ పిండి పక్కవీధి వాళ్ళకు పంచింది. మూడో రోజు నుంచి పప్పు నానబెట్టడం మానేసి, పొయ్యి వెలిగే దారేదో వెతకడం మొదలుపెట్టింది.

పొయ్యితోపాటు ఆరు పేజీల పత్రం ఒకటి వచ్చింది. అది పరభాషలో ఉంది. కార్యాలయ వ్యవహారాలన్నీ తెలుగులోనే సాగాలని నియమం కాబట్టి, తెనిగించే పని గుమాస్తా కామేశానికి అప్పజెప్పారు. కామేశం పందొమ్మిదేళ్ళుగా ఇంటి నంబర్ల నోటీసులు రాస్తున్నవాడు. అక్షరం పొల్లుపోనివ్వడు. అతను ఇలా రాశాడు.

'పొయ్యికిని బల్లకును నడుమ విధిగా సందు ఉండవలెను. సందు కొలత స్థానిక నిబంధనలను అనుసరించి ఉండవలెను. సందు లేనియెడల పొయ్యి వెలిగించరాదు.'

ఇందులో తప్పేమీ లేదు. తలుపు సందు ఉంది, పళ్ళ సందు ఉంది, వేళ్ళ సందు ఉంది. చదివినవాడు ఎవడైనా సోమలింగాచారి చెప్పిన రెండంగుళాలే అనుకుంటాడు. కానీ పురపాలక కార్యాలయంలో కాగితాలు చదవరు, పంపుతారు. సందు అన్న మాట కనబడగానే ఆ కాగితం, ఊళ్ళోని సందులన్నీ ఏ విభాగం కిందికి వస్తాయో ఆ విభాగానికి, అంటే పట్టణ ప్రణాళికాధికారి అప్పలాచార్యులు గారి బల్ల మీదికి వెళ్ళిపోయింది.

సమావేశం పెట్టారు. అచ్చియ్యమ్మను కూడా 'ప్రభావిత వ్యక్తి' హోదాలో పిలిచి, తలుపు పక్కన కూర్చోబెట్టారు. అప్పలాచార్యులు గారు కళ్ళజోడు సవరించుకుని ఒక లావుపాటి పుస్తకం తెరిచి చదివారు.

"సందు అనగా తొమ్మిది అడుగులకు తక్కువ కాని వెడల్పు కలిగి, ప్రజల రాకపోకలకు ఉద్దేశించబడిన మార్గము."

అచ్చియ్యమ్మ చెయ్యెత్తింది.

"ఆచార్యులుగారండీ, ఇది ఆ సందు కాదండి. వేలు దూరేంత సందండి."

"వేలి రాకపోకలకు సందు మంజూరు చేసే అధికారం మా విభాగానికి లేదమ్మా."

"మరి రెండంగుళాలు వదిలితే దాన్నేమంటారండీ?"

"తొమ్మిది అడుగులకు తగ్గితే అది సందు కాదు. ఆక్రమణ."

కమిషనర్ గారు వేళ్ళు కలిపి పట్టుకుని ఆలోచించారు. "భద్రత దృష్ట్యా రెండంగుళాలు మెరుగా, తొమ్మిది అడుగులు మెరుగా?" అని దండపాణి గారిని అడిగారు. నిప్పుకు ఎంత దూరమైతే అంత మేలని ఆయన సెలవిచ్చారు. అందరూ తలలూపారు. ఇంత శాస్త్రీయంగా ఏకాభిప్రాయం కుదరడం ఆ గదిలో అదే మొదలు.

"అయితే బల్లని తీసికెళ్ళి పొయ్యికి తొమ్మిది అడుగుల అవతల పడేస్తే సరిపోద్ది కదండీ," అంది అచ్చియ్యమ్మ. ఆమెకు కావలసింది పొయ్యి వెలగడం. ఎలా వెలిగినా ఫరవాలేదు.

"కుదరదమ్మా. మంజూరు పత్రంలో 'బల్లలో పొయ్యి' అని ఉంది. 'బల్ల పక్కన పొయ్యి' అని లేదు," అన్నారు కమిషనర్ గారు. "బల్ల పొయ్యిని అన్ని వైపులా చుట్టి ఉండాలి. నడుమ సందు ఉండాలి."

ఈ కబురు విని సోమలింగాచారి చెవి మీది పెన్సిలు తీసి, మళ్ళీ అక్కడే పెట్టుకున్నాడు. ఆఖరికి అడిగాడు.

"బల్లకి కన్నం పెట్టమంటున్నారా అండీ, కన్నానికి బల్ల పెట్టమంటున్నారా?"

"సాంకేతిక వివరాల్లోకి నేను వెళ్ళను ఆచారీ," అన్నారు కమిషనర్ గారు.

పొయ్యి రెండడుగులు. అటు తొమ్మిది, ఇటు తొమ్మిది. కన్నమే ఇరవై అడుగులు. దాని చుట్టూ గుండ్రంగా తిరిగొచ్చే బల్లకు కావలసినంత చెక్క ఊళ్ళో ఏ అడితీలోనూ లేదు. అందుకని పార్కులోని బెంచీలన్నీ ఊడదీశారు. ముప్పై ఒక్క బెంచీలు కలిసి ఒక్క బల్ల అయ్యాయి. సాయంత్రాలు అక్కడ కూర్చుని కబుర్లు చెప్పుకొనే ముసలివాళ్ళు ఇప్పుడు బల్ల చుట్టూ నిలబడి, ఎవరి బెంచీ ఎక్కడ కలిసిపోయిందో చేత్తో తడిమి గుర్తుపట్టేవారు. కుర్చీలు మంజూరు కాలేదు.

పన్నెండు రోజులకు బల్ల పూర్తయింది. ఆఖరి పలక బిగించాక సోమలింగాచారి చూసుకుంటే తాను లోపలి వైపున ఉన్నాడు.

"నేను కట్టిన బల్ల కిందనించి నేనే పాకాల్సొచ్చింది చూడక్కా," అన్నాడు మోకాళ్ళు దులుపుకుంటూ బయటికొచ్చి.

"ఓ పక్క కోసి దారి పెట్టలేకపోయావా?"

"అడిగానక్కా. కోస్తే రెండు బల్లలవుతాయంట. మంజూరైంది ఒక్కటేనంట."

తనిఖీకి అధికారులు వచ్చారు. బల్ల కింద నుంచే వెళ్ళాలి కాబట్టి, ముందెవరు పాకాలన్న ప్రశ్న వచ్చింది. హోదా క్రమం పాటించారు. కమిషనర్ గారు ముందు పాకారు. ఆయన వెనక దండపాణి గారు బూట్లు బల్లకాళ్ళకు తగులుకుంటూ పాకారు. అప్పలాచార్యులు గారు పుస్తకాన్ని పంటితో పట్టుకుని పాకారు. కామేశం అర్ధగంట ఆగి పాకాడు. పైవాడి కాళ్ళకు తన తల తగలడం మర్యాద కాదని అతని బెంగ. అందరికంటే చివర అచ్చియ్యమ్మ చీరకొంగు బొడ్లో దోపుకుని, బొగ్గుల సంచీ ముందుకు తోసుకుంటూ పాకింది.

"ఇక వెలిగించచ్చాండీ?" అంది లేచి నిలబడి.

అప్పలాచార్యులు గారు చుట్టూ చూశారు. "సందు ఏర్పడింది. కానీ సందుకు ఉండవలసినవి ఏవీ? దీపం ఏది? మురుగు కాలవ ఏది? పేరు ఏది?"

అచ్చియ్యమ్మ సంచీని వెనక్కి తోసుకుంటూ మళ్ళీ పాకింది.

వీధిదీపం వేశారు. అది నేరుగా పొయ్యి నెత్తిన వెలిగేది. మురుగు కాలవ తవ్వారు. ఇక్కడ కమిషనర్ గారి అధ్యయనం ఎంతో అక్కరకు వచ్చింది. సందు గుండ్రంగా ఉంది కాబట్టి కాలవ కూడా గుండ్రంగా తవ్వారు. వానపడిన రోజున నీళ్ళు పొయ్యి చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి, వెళ్ళడానికి చోటు లేక, రెండోసారి కూడా తిరిగాయి. పేరు దగ్గర రెండు రోజులు పట్టింది. ఎవరి తాతగారి పేరు వారు సూచించారు. ఎవరి తాతగారూ నెగ్గకపోవడంతో 'పొయ్యి సందు' అని నీలం రేకు మీద తెల్ల అక్షరాలతో రాయించి, స్తంభం పాతారు.

స్తంభం పాతాక గానీ అప్పలాచార్యులు గారికి గుర్తు రాలేదు. ఇళ్ళు లేని సందుకు పేరు పెట్టరాదు.

"పేరు తీసేస్తారా ఏంటండీ?" అంది అచ్చియ్యమ్మ. అప్పటికి ఇరవయ్యో తేదీ వారం రోజుల్లోకి వచ్చింది.

"పెట్టిన పేరు తీయడానికి నియమం లేదు. ఇంటి నంబరు ఇవ్వడానికి ఉంది."

సందులో ఉన్న కట్టడం ఒక్కటే. కాబట్టి కామేశం రంగుడబ్బా తెచ్చి, పొయ్యి పొట్ట మీద అందంగా '1' అని రాశాడు. ఆ మర్నాడే ఇళ్ళ వివరాలు రాసుకొనే మనిషి బల్ల కిందనుంచి పాకి వచ్చి, పొయ్యి చుట్టూ తిరిగి, నమూనా నింపుకుని వెళ్ళాడు. పైకప్పు: పింగాణీ. గదులు: ఒకటి. వంటగది: ఉన్నది. కుటుంబ సభ్యులు: పిలిచినా పలకలేదు.

ఆ చివరి గడి చూసి కామేశానికి పత్రంలోని ఆఖరి పేజీ జ్ఞాపకం వచ్చింది. దాన్ని కూడా అతనే తెనిగించాడు. 'వెలుగుచున్న పొయ్యి వద్ద ఎల్లప్పుడును ఒక మనిషి ఉండవలెను.'

"ఉండడమంటే, కనిపెట్టుకుని ఉండడమండి," అంది అచ్చియ్యమ్మ, ఈసారి పిలవకుండానే సమావేశానికి వచ్చి. "పాలు పొంగకుండా చూసుకోడానికి దగ్గరుంటాం చూడండి, అలాగ."

"అదేమీ రాయలేదమ్మా," అన్నారు అప్పలాచార్యులు గారు. "నంబరున్న ఇంటి విషయంలో 'ఉండు' అంటే ఒకటే అర్థం. నివాసం ఉండు. ఆ ఇంట్లో ఎవరూ ఉండడం లేదని మన నమూనాలోనే ఉంది. నివాసి లేనిదే పొయ్యి వెలిగించరాదు."

"రెండడుగుల గుడ్డులో ఎవరుంటారండీ?" అన్నాడు కామేశం మెల్లిగా.

కమిషనర్ గారు బల్ల మీద తల ఆనించుకున్నారు. ఇరవయ్యో తేదీ ఎల్లుండి. సంచాలకులు గారి కార్లకు పెట్రోలు కూడా పోయించేశారట.

అచ్చియ్యమ్మ లేచి నిలబడింది. "నేనుంటానండి."

"ఎక్కడమ్మా?"

"ఒకటో నంబరు ఇంట్లోనండి. పొయ్యి సందులోనండి. మీరు కాగితం ఇవ్వండి, నేనుంటాను."

నివాసపత్రం అరగంటలో తయారైంది. అంతకుముందు ఆమె అసలు ఇంటికి అదే పత్రం కావాలంటే మూడు నెలలు తిప్పారు. సోమలింగాచారి దాన్ని రెండు చేతులతో పట్టుకుని చదివి పగలబడి నవ్వాడు.

"గృహప్రవేశం ఎప్పుడక్కా? పాలు పొంగించాలి కదా."

"నవ్వకయ్యా ఆచారీ. తల పట్టకపోయినా ఫరవాలేదు, చెయ్యి పడితే చాలు. నా తాళం ఊడితే చాలు."

ఇరవయ్యో తేదీ పొద్దున్న అచ్చియ్యమ్మ బల్ల కింద నుంచి పాకి లోపలికొచ్చి, గుడ్డు మూత తీసి, బొగ్గులు పేర్చి, కొబ్బరిపీచు దోపింది. బల్లకు అవతల అధికారులందరూ ఇస్త్రీ బట్టల్లో నిలబడ్డారు. ఆమె అగ్గిపుల్ల గీసింది.

"ఆగండి!" అని అరిచారు దండపాణి గారు. ఇస్త్రీ బట్టలతోనే పాకి వచ్చి అగ్గిపుల్ల ఊదేశారు. "ఏం చేస్తున్నారు మీరు?"

"వెలిగిస్తున్నానండి."

"దేన్ని?"

"పొయ్యినండి."

"దీని మీద ఏం రాసి ఉంది?"

"ఒకటి అనండి."

"అంటే ఇది ఇల్లు. పురపాలక సంఘం వారు నంబరు ఇచ్చిన ఇల్లు. మీరు నివాసముంటున్న ఇల్లు. ఇంటికి నిప్పు పెట్టడం నేరం. ఒకవేళ మీరు పెట్టినా, ఆర్పడం నా విధి." ఆయన చెయ్యెత్తగానే గేటు దగ్గర ఎర్ర వాహనం గంట మోగింది. ముందు జాగ్రత్తగా తెచ్చుకున్నారు.

కమిషనర్ గారికి సంగతి అర్థం కావడానికి కొంత సమయం పట్టింది. అర్థమయ్యాక ఆయన వేళ్ళు మడుస్తూ తనలో తాను చెప్పుకోసాగారు. "ఇది ఇల్లు కాకపోతే ఇది సందు కాదు. సందు లేకపోతే పొయ్యి వెలగరాదు. ఇల్లయితే పొయ్యి వెలగరాదు." మూడుసార్లు చెప్పుకున్నారు. ఎటునుంచి మొదలుపెట్టినా పొయ్యి వెలగడం లేదు. ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పౌర చైతన్యం తొమ్మిది అడుగుల అవతల చల్లగా కూర్చుని ఉంది.

అచ్చియ్యమ్మ ఆరిన అగ్గిపుల్ల కేసి చూసింది. లక్క ముద్ర వేసిన తన వంటగది తాళం కేసి చూసింది. పదకొండు గంటలకు సంచాలకులు వస్తారు. పన్నెండింటికి ఆ గదిలోకి ఖాళీ పెట్టె వస్తుంది. ఆమెకు ఏడుపు రాలేదు, ఒళ్ళు మండింది. ఆ మంటలోనే బుర్ర పనిచేసింది.

"దండపాణిగారండీ, మా ఇంటికి నేను నిప్పు పెట్టకూడదు. ఒప్పుకున్నాను. మా ఇంటి ముందు కూర్చుని నేను అట్టు పోసుకోవచ్చా?"

దండపాణి గారు నియమావళి తెరిచి రెండు పేజీలు తిప్పారు. "గృహావసరాల నిప్పు మా పరిధిలోకి రాదు."

"దానికి ధ్రువీకరణ అక్కర్లేదా?"

"గృహిణులను ధ్రువీకరించే ఏర్పాటు లేదు."

"ఇంటికెవరైనా పెద్దమనిషొస్తే ఓ అట్టు పెట్టొచ్చా?"

"అతిథి మర్యాద కూడా మా పరిధిలోకి రాదు."

"ఆచారీ!" అని కేకపెట్టింది అచ్చియ్యమ్మ బల్ల మీదుగా. "మా ఇంటికెళ్ళి, అదే, మా పాతింటికెళ్ళి, నా కుంపటి, రెండు ఇటకలు, పెనం పట్రా. మా కోడల్ని రాత్రి నానేసిన పప్పు రుబ్బమను. పరిగెట్టు!"

సంచాలకులు గారు పదకొండున్నరకు వచ్చారు. ఆయనది భారీ విగ్రహం. బల్ల కింద దారి చూపించగానే ఒక్క క్షణం వంగి, అంతకంటే త్వరగా లేచి, దూరం నుంచి పరిశీలిస్తేనే మొత్తం రూపం తెలుస్తుందన్నారు. అందరూ అవునన్నారు. సందు మధ్యలో నుంచి నీలంగా పొగ లేస్తోంది. అల్లం, జీలకర్ర వేగుతున్న వాసన ఆయన ముక్కు దాకా వచ్చింది.

అట్టును ఆయన దగ్గరకు చేర్చడం ఎలాగన్నది ఎవరూ అనుకోలేదు. నడుమ సందు తొమ్మిది అడుగులు. సోమలింగాచారి బల్లలో మిగిలిన పొడుగాటి పలక ఒకటి లోపలికి అందించాడు. అచ్చియ్యమ్మ పలక చివర అరిటాకు పరిచి, ఆకులో అట్టు పెట్టి, పడవలోంచి గెడ చాపినట్టు ముందుకు చాపింది. సంచాలకులు గారు అందుకున్నారు. తిన్నారు. మళ్ళీ చెయ్యి చాపారు. పలక మళ్ళీ వెళ్ళింది. నాలుగు అట్ల తరువాత ఆయన మూతి తుడుచుకుని ప్రకటించారు.

"పొయ్యి దివ్యంగా పనిచేస్తోంది. పింగాణీ వల్ల వచ్చే రుచే వేరు."

కమిషనర్ గారు చేతులు కట్టుకుని వంగారు. సంచాలకులు గారు సంతకం పెట్టబోతూ ఆగి, కళ్ళు చికిలించి లోపలికి చూశారు.

"మరి ఆ పక్కన తెల్లగా, గుడ్డులాగ ఉన్నదేమిటి?"

కమిషనర్ గారు అప్పలాచార్యులు గారి కేసి చూస్తే, ఆయన తన పుస్తకం కేసి చూశారు. అచ్చియ్యమ్మ పెనం మీద అట్టు తిరగేస్తూ తలెత్తింది.

"అది మా ఇల్లండి."

సంచాలకులు గారు కాసేపు ఇంటిని చూశారు. నంబరు చూశారు. పేరు రేకు, వీధిదీపం, మురుగు కాలవ చూశారు. ఆయన ముఖం మెల్లగా వికసించింది.

"నిర్వాహకురాలికి గృహవసతి కూడా కల్పించారన్నమాట! విద్యాధరరావుగారూ, ఇది రాష్ట్రమంతటికీ ఆదర్శం. ప్రతి ఊళ్ళోనూ ఇలాగే అమర్చాలి. పూర్తి వివరాలు ఈ రోజే పంపండి." సంతకం పెట్టి, ఐదో అట్టు చేత్తో పట్టుకుని కారెక్కారు.

దండపాణి గారు అక్కడికక్కడే పత్రం రాశారు. 'నిప్పు గమనించడమైనది. పొగ గమనించడమైనది. అట్టు గమనించడమైనది. ప్రమాదము గమనించబడలేదు.' జేబులోంచి వంటగది తాళంచెవి తీశారు. అచ్చియ్యమ్మ పెనం, పిండిగిన్నె ముందుకు తోసుకుంటూ బల్ల కింద నుంచి ఇవతలికి వచ్చి చెయ్యి చాపింది. తాళంచెవికీ ఆమె చేతికీ మధ్య కామేశం కాగితంతో దూరాడు.

"ఒక్క గడి మిగిలిందమ్మా. ఇది అన్ని ఊళ్ళకీ వెళ్ళాలి. పొయ్యి అమర్చే పద్ధతి, నిర్వాహకురాలి మాటల్లో. ఇది రాస్తే తాళంచెవి ఇచ్చేస్తారు."

అచ్చియ్యమ్మ నోరు తెరవబోయి ఆగింది. రాష్ట్రంలో ఎన్ని ఊళ్ళున్నాయో ఆమెకు తెలియదు గానీ, ఆ ఊళ్ళన్నిటిలో బెంచీలు ఆమె కళ్ళముందు కదిలాయి. సందు అన్న మాట నాలుక చివరికి వచ్చింది. మింగేసింది. దానికి బదులు మాట కోసం కాసేపు వెతుక్కుంది. దొరికింది. ఒక్కొక్క ముక్కా విడదీసి, చిన్నపిల్లలకు చెప్పినట్టు చెప్పింది.

"రాసుకో నాయనా. కుంపటి కింద రెండు ఇటకలు. పక్కన కర్ర ఏదన్నా ఉంటే, కర్రకీ కుంపటికీ రెండు వేళ్ళ ఎడం. అంతే. ఇంకేం లేదు."

కామేశం రాశాడు. 'రెండు వేళ్ళ ఎడం' అని రాశాక అతని కలం ఆగిపోయింది. తలెత్తాడు.

"ఎడం అంటే, ఎవరికి ఎడమమ్మా? పొయ్యికా? వండే మనిషికా?"

"చూసేవారికి ఎడమో కూడా తేల్చాలి," అన్నారు అప్పలాచార్యులు గారు దగ్గరికి వస్తూ. "పొయ్యి తూర్పుముఖంగా ఉంటే ఎడమ ఉత్తరమవుతుంది. పడమటిముఖంగా ఉంటే దక్షిణం."

"కుడివైపు కర్ర ఉంటే ఏం చేయాలో ఆమె చెప్పలేదు," అన్నారు దండపాణి గారు. నేల మీద గీత గీసి చూపించడానికి చేతిలో ఉన్నదాన్ని పక్కనున్న బల్ల మీద పెట్టి వంగారు.

"దీని మీద ఒక సంఘం వేద్దాం," అన్నారు కమిషనర్ గారు. చాలా రోజుల తరువాత ఆయన గొంతులో ఉత్సాహం పలికింది.

అచ్చియ్యమ్మ బల్ల మీంచి తాళంచెవి తీసుకుంది. ఎవరూ చూడలేదు. లక్క పగలగొట్టి, తాళం తీసి, లోపలికి వెళ్ళి తలుపు గడియ వేసుకుంది. కిటికీ రెక్క మాత్రం తెరిచింది. పొయ్యి రాజేసి, పెనం వేడెక్కేదాకా ఊపిరి బిగబట్టి నిలబడి, గరిటెడు పిండి పోసింది. అది సుయ్యిమంది. బయట ఉత్తరమా, దక్షిణమా అన్న వాదన వినపడకుండా పోయింది.